చెప్పడం వేరు, అడగడం వేరు

కారు బంపరుకు గీత పడిన మర్నాడు మన ఊళ్లలో వినిపించే సలహా ఒక్కటే: "ఇన్సూరెన్సు వాళ్లకు చెప్పకు. చెప్పావంటే వచ్చే ఏడాది ప్రీమియం పెరుగుతుంది." అపార్టుమెంటు సెల్లారులో పక్క ఫ్లాటాయన అంటాడు, షెడ్డులో మెకానిక్కు అంటాడు, ఆఫీసులో పక్క సీటాయన అంటాడు, ఒక్కోసారి పాలసీ అమ్మిన ఏజెంటే అంటాడు. ఇంతమంది ఏకకంఠంతో చెప్పేసరికి దాన్ని ఎవరూ ప్రశ్నించరు. ఈ సలహాలో సగం నిజం ఉంది. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకునే మిగతా సగం అబద్ధం చెలామణీ అవుతోంది. చిన్న నష్టానికి కంపెనీని డబ్బు అడగకపోవడం చాలాసార్లు తెలివైన పనే. కానీ అవతలి మనిషికో, అవతలి బండికో దెబ్బ తగిలినప్పుడు జరిగింది చెప్పకపోవడం మాత్రం ఏ లెక్కన చూసినా తెలివైన పని కాదు. చెప్పడం, అడగడం వేరు వేరు పనులు. ఆ రెంటినీ ఒకటిగా కట్టేసి జనం పోగొట్టుకుంటున్నదేమిటో ముందు లెక్కల్లో, తరువాత చట్టంలో చూద్దాం.

ముందుగా "ప్రీమియం పెరుగుతుంది" అనే మాటకు మన దేశంలో అర్థమేమిటి? మనవాళ్లు ఫుల్ ఇన్సూరెన్సు అని పిలిచే పాలసీలో ప్రధానంగా రెండు భాగాలుంటాయి. ఒకటి థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి రక్షణ. రెండోది ఓన్ డ్యామేజ్, అంటే మన బండికి జరిగే నష్టానికి. థర్డ్ పార్టీ ధరను కంపెనీలు నిర్ణయించవు, కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమలైన పట్టిక ప్రకారం 1,000 సీసీ లోపు ప్రైవేటు కారుకు ఏడాదికి 2,094 రూపాయలు, 1,500 సీసీ దాకా 3,416, ఆ పైన 7,897. ఏడాదిలో ఒక్కసారీ గీత పడని కారుకూ, నాలుగుసార్లు గుద్దుకున్న కారుకూ ఇదే ధర. యజమాని చరిత్రకు ఈ పట్టికలో గడి లేదు. కాబట్టి చిన్న ప్రమాదం ప్రభావం ఏదైనా ఉంటే అది రెండో భాగం మీదే ఉండాలి. అక్కడ కూడా జరిగేది ధర పెంపు కాదు, రాయితీ కోత. ఆ రాయితీయే నో క్లెయిమ్ బోనస్, వాడుకలో ఎన్‌సీబీ. క్లెయిమ్ లేకుండా ఒక ఏడాది గడిస్తే 20 శాతం, రెండేళ్లకు 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, అయిదేళ్లకు 50 శాతం. ఆ తరువాత ఎన్నేళ్లు గడిచినా 50 దగ్గరే ఆగుతుంది. ఒక్క ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ తీసుకుంటే మరుసటి రెన్యువల్‌కు సున్నా.

ఈ సున్నా ఖరీదెంతో అంకెల్లో చూస్తే భయానికి ఒక కొలత దొరుకుతుంది. 1,200 సీసీ కారు ఒకటి తీసుకుందాం. రాయితీకి ముందు దాని ఓన్ డ్యామేజ్ ప్రీమియం 10,000 రూపాయలు అనుకుందాం. యజమానికి 50 శాతం ఎన్‌సీబీ ఉంటే అతను కట్టేది 5,000, దానికి థర్డ్ పార్టీ 3,416 కలిపి 8,416. క్లెయిమ్ చేస్తే మరుసటి ఏడాది 13,416. పన్ను అదనం. నష్టం ఆ ఒక్క ఏడాదితో ఆగదు. సున్నా నుంచి మళ్లీ 20, 25, 35, 45 మెట్లెక్కి 50కి చేరేలోగా ప్రతి ఏడాదీ కొంత తేడా ఉంటుంది. ఆ తేడాలన్నీ కూడితే, అంటే 50, 30, 25, 15, 5 కలిపితే, ఒక ఏడాది ప్రీమియంలో 125 శాతం. మన ఉదాహరణలో 12,500 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో 14,750. అదే కారు కొత్తదై, యజమాని ఇంకా మొదటి ఏడాదిలోనే ఉంటే లెక్క మారుతుంది. అతనికి రావాల్సిన 20 రాదు, ఆ తరువాత ప్రతి మెట్టూ ఒక ఏడాది ఆలస్యమవుతుంది. మొత్తం 50 శాతం, అంటే 5,000, పన్నుతో 5,900. కారు పాతబడేకొద్దీ దాని విలువా, దాంతో ఓన్ డ్యామేజ్ ప్రీమియమూ తగ్గుతాయి కాబట్టి అసలు నష్టం ఇంకొంచెం తక్కువే ఉంటుంది. భయపెట్టేవాళ్లు ఎప్పుడూ చెప్పని అంకెలివి. భూతం ఉన్న మాట నిజమే, కాకపోతే దాని ఎత్తు కొలవవచ్చు.

ఇప్పుడు రెండో వైపు, కంపెనీ నుంచి చేతికొచ్చేదెంతో చూద్దాం. వెనక బంపరు పగిలింది. కొత్త బంపరు 6,000, పెయింటు 4,000, కూలి 1,000, మొత్తం 11,000 బిల్లు అనుకుందాం. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు తరుగు 50 శాతం, కాబట్టి బంపరుకు 3,000 మాత్రమే లెక్కలోకి వస్తుంది. పెయింటు ఖర్చులో నాలుగో వంతును సామగ్రిగా లెక్కగట్టి అందులో సగం కోస్తారు, అంటే 500 పోయి 3,500. కూలి మొత్తం ఇస్తారు. దీనికి పైన 1,500 సీసీ దాకా కార్లకు 1,000 రూపాయలు యజమాని తప్పనిసరిగా భరించాలి. చివరికి చేతికొచ్చేది 6,500. 50 శాతం రాయితీ ఉన్నవాడు 6,500 కోసం 14,750 వదులుకోవడం తెలివితక్కువ. మొదటి ఏడాదిలో, తరుగు కోయని జీరో డెప్రిసియేషన్ కవరు తీసుకున్నవాడు 10,000 పుచ్చుకుని 5,900 వదులుకోవడం లాభం. ఒకే బంపరుకు, ఒకే బిల్లుకు ఇద్దరికీ వేర్వేరు సమాధానాలు. "చిన్నదానికి క్లెయిమ్ చేయకు" అనే సూత్రం కూడా అందరికీ వర్తించేది కాదని దీన్నిబట్టి తేలుతోంది. అయినా ఎక్కువమంది పాత పాలసీదారుల విషయంలో ఆ సూత్రం నిలుస్తుంది. ఎన్‌సీబీ పోవడానికి క్లెయిమ్ మొత్తంతో సంబంధం లేదు. అయిదు వేలు తీసుకున్నా, లక్ష తీసుకున్నా పోయే రాయితీ ఒక్కటే. కాబట్టి చిన్న సొట్టలకు సొంత డబ్బు పెట్టుకుని, రాయితీని పెద్ద నష్టం కోసం దాచుకోవడం సబబు. ఇంతవరకు ప్రచారంలో ఉన్న అభిప్రాయంతో నాకు పేచీ లేదు.

పేచీ ఆ తరువాతి అడుగు దగ్గర. ఈ లెక్క మొత్తంలో రాయితీని మింగినది క్లెయిమ్. సమాచారం కాదు. ఎన్‌సీబీ నియమం చూసేది గడిచిన పాలసీ కాలంలో ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ తీసుకున్నారా, ఏదైనా పెండింగులో ఉందా అని. "ఫలానా రోజు, ఫలానా చోట ఇలా జరిగింది, నా బండి మరమ్మతు నేనే చేయించుకుంటున్నాను" అని రాసిన ఉత్తరం ఆ రెంటిలో ఏదీ కాదు. అయినా మనవాళ్లు క్లెయిమ్ విషయంలో సరైన లెక్కను తీసుకెళ్లి సమాచారానికి అంటించేశారు. ఫలితంగా ప్రమాదం జరిగాక తేలు కుట్టిన దొంగల్లా నోరు మెదపకుండా ఉండటమే జాగ్రత్త అనుకుంటున్నారు. పార్కింగు స్తంభానికి మన కారు మనమే గీసుకుంటే ఈ మౌనం వల్ల పెద్దగా నష్టం లేదు. అవతల మరో మనిషి, మరో బండి ఉన్నప్పుడు మాత్రం ఈ మౌనం బీమాలో అత్యంత విలువైన భాగాన్ని, థర్డ్ పార్టీ రక్షణను, చిక్కుల్లోకి నెడుతుంది.

రోజూ కూడళ్లలో కనిపించే దృశ్యమే తీసుకోండి. సిగ్నల్ దగ్గర కారు నెమ్మదిగా ముందుకు జారి స్కూటరును తాకుతుంది. స్కూటరాయన కింద పడి లేచి నిలబడతాడు. మోచేతికి కాస్త గీరుకుపోయింది, ఇండికేటరు పగిలింది. చుట్టూ పది మంది చేరతారు, బేరం నడుస్తుంది, రెండు వేలు చేతిలో పెట్టగానే రాజీ. కారాయన ఇంటికెళ్లి కంపెనీకి ఏమీ చెప్పడు, "చిన్నదే కదా" అనుకుంటాడు. పది రోజులకు స్కూటరాయన మోకాలు వాచి, స్కాన్‌లో లిగమెంటు చిరిగినట్టు తేలుతుంది. ఆసుపత్రి బిల్లుతో అతను పోలీసు స్టేషనుకూ, అక్కడి నుంచి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కూ వెళతాడు. అతను మోసగాడు కానక్కర్లేదు, నిజంగానే గాయపడి ఉండవచ్చు. అప్పుడు కారాయన దగ్గర ఏముంది? ఆ రోజు తీసిన ఫొటో లేదు, కాగితం లేదు, కంపెనీకి రాసిన ముక్క లేదు. ఉన్నదల్లా ఇచ్చిన రెండు వేలు. ఆ రెండు వేలు తప్పు ఒప్పుకున్నట్టుగా అవతలి వకీలు చూపిస్తాడు. పాలసీ షరతుల్లో రెండోదాన్ని చాలామంది చదవరు. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా పాలసీదారు తప్పు ఒప్పుకోకూడదు, మాట ఇవ్వకూడదు, డబ్బు చెల్లించకూడదు అని అది చెబుతుంది. బాధితుడికి రావాల్సిన పరిహారం సాధారణంగా దీనివల్ల ఆగదు, చట్టం అతని పక్షాన ఉంది. కానీ కంపెనీకీ యజమానికీ మధ్య తగాదాకు విత్తనం అక్కడే పడుతుంది.

ఇక చట్టం ఏమంటుందో చూద్దాం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 134వ సెక్షను డ్రైవరు బాధ్యతలు చెబుతుంది. మనిషికి గాయమైతేనే కాదు, ఇతరుల ఆస్తికి నష్టం జరిగినా అది వర్తిస్తుంది. గాయపడినవారికి వైద్యం అందేలా చూడటం, పోలీసులకు తెలియజేయడంతో పాటు బీమా కంపెనీకి రాతపూర్వకంగా సమాచారం ఇవ్వడం కూడా అందులో ఉంది. పాలసీ నంబరు, దాని గడువు, ప్రమాదం తేదీ, సమయం, చోటు, గాయపడినవారి వివరాలు, డ్రైవరు పేరు, లైసెన్సు వివరాలు రాయమంటుంది. దీన్ని పాటించకపోతే 187వ సెక్షను కింద, 2019 సవరణ తరువాత, ఆరు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల జరిమానా లేదా రెండూ. అమలు ఎంత గట్టిగా ఉందన్నది వేరే సంగతి. మనం గమనించాల్సింది చట్టం ఎంచుకున్న మాటల్ని. అది "క్లెయిమ్ చేయి" అనలేదు, "తెలియజేయి" అంది. చెప్పడానికీ అడగడానికీ తేడా కనిపెట్టింది ఈ వ్యాసకర్త కాదు, పార్లమెంటే. పైగా మౌనం వల్ల దాగేది కూడా ఏమీ లేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన నియమాల ప్రకారం పోలీసులు ప్రమాదం తమ దృష్టికి వచ్చిన 48 గంటల్లో మొదటి నివేదికను ట్రిబ్యునల్‌కూ, బీమా కంపెనీకీ పంపాలి. అంటే కేసు స్టేషనుకు చేరితే కంపెనీకి ఎలాగూ తెలుస్తుంది. మిగిలిన ప్రశ్న ఒక్కటే. ఆ కథ ముందు మన నోటి నుంచి వెళుతుందా, అవతలి వైపు నుంచా?

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. పాలసీ మొదటి షరతు ప్రమాదం జరిగిన వెంటనే రాతపూర్వకంగా తెలియజేయమన్నా, "క్లెయిమ్ ఉన్న పక్షంలో" అనే మాట కూడా చేర్చింది కదా, క్లెయిమే లేనప్పుడు చెప్పాల్సిన పనేముంది అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ క్లెయిమ్ ఉందో లేదో ప్రమాదం జరిగిన రోజు తేల్చగలిగినవాడెవడు? మన బండి విషయంలో అయితే మనమే తేల్చగలం. అవతలివాడి మోకాలి విషయంలో తేల్చేది అతనూ, అతని డాక్టరూ. "వెంటనే" అనే మాట నేటి రోజుకు ముడిపడి ఉంది, "క్లెయిమ్" అనేది రాబోయే నెలలకు. ఈ రెంటి మధ్య చిక్కుకోకుండా బయటపడే దారి ఆ రోజే చెప్పడం. మరికొందరు ఆలస్యమైనా కోర్టులు కరుణిస్తున్నాయిగా అంటారు. 2011 సెప్టెంబరులో బీమా నియంత్రణ సంస్థ, ఆలస్యం అన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయిమ్‌లను తోసిపుచ్చవద్దని కంపెనీలకు చెప్పింది. 2020లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం కూడా, వాహనం చోరీ అయినప్పుడు పోలీసులకు వెంటనే ఫిర్యాదు చేసి ఉంటే కంపెనీకి ఆలస్యంగా చెప్పినంత మాత్రాన క్లెయిమ్ నిరాకరించరాదంది. రెండూ మంచివే. కానీ ఆ తీర్పు నిలబడింది వెంటనే ఇచ్చిన పోలీసు ఫిర్యాదు మీద. రాజీ చేసుకుని వచ్చేసినవాడికి ఆ ఆధారం కూడా ఉండదు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకుని, ఆ తరువాత సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలుస్తామనడం జాగ్రత్త అనిపించుకోదు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం మరొకటుంది, అది కంపెనీలే సంపాదించిపెట్టింది. కస్టమర్ కేర్‌కు ఫోను చేసి "ఇలా జరిగింది" అనగానే అవతలివాళ్లు మాట పూర్తి కాకముందే క్లెయిమ్ నంబరు ఇచ్చేస్తారు, సర్వేయరు ఫోను చేస్తాడు, రెన్యువల్ నాటికి ఆ నంబరు పెండింగులో కనిపించి రాయితీ దగ్గర మెలిక పడుతుంది అని జనం అంటారు. ఈ భయాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేయలేం. ఇలాంటప్పుడు క్లెయిమ్‌ను ఉపసంహరించుకుంటున్నట్టు రాసి, పైసా చెల్లించకుండా మూసేసినట్టు జవాబు తెప్పించుకుంటే సాధారణంగా రాయితీ నిలుస్తుంది. అసలు ఫోనుకు బదులు మెయిల్ రాస్తే ఈ తిప్పలే తప్పుతాయి. మెయిల్లో "ఇది సమాచారం కోసం మాత్రమే, ఓన్ డ్యామేజ్ కింద నేనేమీ కోరడం లేదు" అన్న ఒక్క వాక్యం ఉంటే చాలు. కానీ పాలసీదారు ఇంత ఒడుపుగా మెయిల్ రాయాల్సి రావడమే వ్యవస్థ లోపం. కంపెనీ యాప్‌లో "క్లెయిమ్ నమోదు" అన్న బటన్ ఎదురుగా ఉంటుంది, "సమాచారం మాత్రమే" అన్న బటన్ కోసం వెతుక్కోవాలి. చట్టం సమాచారం ఇమ్మంటుంటే దానికి విడిగా తలుపు పెట్టకపోవడం కంపెనీల తప్పు, దాన్ని అడగకపోవడం నియంత్రణ సంస్థ తప్పు. ఆ తప్పుకు మందు జనం నోరు మూసుకోవడం మాత్రం కాదు.

ఇంకో మాట కూడా వినిపిస్తుంది. 2007 జనవరి 1 నుంచి ఓన్ డ్యామేజ్ ధరలకు ప్రభుత్వ పట్టిక లేదు, కంపెనీలు ఇష్టమొచ్చిన ధర పెట్టుకోవచ్చు, మనం చెప్పిన ప్రతి ముక్కా ఎక్కడో నమోదై ఏదో ఒకరోజు మన మీదికే వస్తుంది అని. కంపెనీలకు స్వేచ్ఛ ఉన్నమాట నిజం. ఎన్‌సీబీకి పైన ఇచ్చే అదనపు తగ్గింపులు వాటి దయే. కానీ అదే స్వేచ్ఛ కొనేవాడికీ ఉంది. ఎన్‌సీబీ బండిది కాదు, యజమానిది. కంపెనీ మారినా, కారు మారినా అతని వెంటే వస్తుంది, పాలసీ ముగిసిన 90 రోజుల్లోగా రెన్యువల్ చేసుకుంటే చాలు. ఒక ఉత్తరం రాసినందుకు ఒక కంపెనీ ధర పెంచితే మరో కంపెనీకి వెళ్లే దారి తెరిచే ఉంది. ఇక నమోదుల సంగతికొస్తే, కంపెనీల క్లెయిమ్ సమాచారాన్ని ఒకచోట చేర్చే ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో మన హైదరాబాద్‌లోనే ఉంది. దాని వల్ల చిక్కుల్లో పడేది నిజం చెప్పినవాడు కాదు. క్లెయిమ్ తీసుకుని, కంపెనీ మార్చి, "గత ఏడాది క్లెయిమ్ లేదు" అని సంతకం పెట్టి రాయితీ దక్కించుకున్నవాడు. ఆ అబద్ధం బయటపడితే రేపటి పెద్ద క్లెయిమ్ గండంలో పడుతుంది. "చెప్పకు" అనే సలహా చివరికి మనిషిని చేర్చేది సరిగ్గా ఈ మలుపుకే.

ఈ భయానికి కొంత ఊపిరి విదేశాల నుంచీ అందుతోంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న అన్నయ్య "అప్పుడు చిన్న యాక్సిడెంటుకే నా ప్రీమియం మూడేళ్లు దిగలేదు" అంటే అది అక్కడ నిజమే కావచ్చు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో తప్పు డ్రైవరుదని తేలితే ఇతరులకు రక్షణనిచ్చే భాగం ధర కూడా పెరుగుతుంది. ఆ ధరను నిర్ణయించేవాటిలో నడిపేవాడి చరిత్ర కూడా ఒకటి. బ్రిటన్‌లో రెన్యువల్ సమయంలో క్లెయిమ్ చేసినా చేయకపోయినా జరిగిన ప్రమాదాలన్నీ చెప్పమంటారు. మన దగ్గర ఆ భాగం ధర సర్కారు పట్టికలో అందరికీ ఒక్కటే. ఆ దేశాల భయాన్ని దిగుమతి చేసుకునేవాళ్లు అక్కడి క్రమశిక్షణను మాత్రం వదిలేస్తున్నారు. కాలిఫోర్నియాలో గాయమైనా, ఆస్తి నష్టం 1,000 డాలర్లు దాటినా పది రోజుల్లో మోటారు వాహనాల శాఖకు తెలియజేయాలి. ప్రీమియం పెరుగుతుందని తెలిసిన చోట కూడా చెప్పడం తప్పనిసరే అన్నది వాళ్ల పద్ధతి. ప్రీమియం పెరగని చోట చెప్పకపోవడం మన పద్ధతి.

కాబట్టి అవతలివారికి ఏ నష్టమైనా జరిగిన రోజున చేయాల్సింది రెండు విడివిడి నిర్ణయాలు. మొదటిది చెప్పడం. దానికి లెక్కలు అక్కర్లేదు. ఫొటోలు తీసి, రెండు బండ్ల నంబర్లూ, చోటూ, సమయమూ రాసి ఆ రోజే కంపెనీకి మెయిల్ పంపాలి. గాయమైతే పోలీసులకూ తెలపాలి. రాజీ కుదిరేలా ఉంటే డబ్బు చేతిలో పెట్టేముందు కంపెనీ అనుమతి అడగాలి. రెండోది అడగడం. దానికి లెక్క కావాలి. మరమ్మతు బిల్లులోంచి తరుగూ, తప్పనిసరి కోతా తీసేసి చేతికొచ్చేదెంతో, రాబోయే అయిదేళ్లలో పోయే రాయితీ ఎంతో పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువైతే ఆ దారిన పోవాలి. ఈ రెండో నిర్ణయంలో కంపెనీని ఒక్క పైసా అడగకపోయినా తప్పు లేదు. ఇక కంపెనీల వంతు: క్లెయిమ్‌తో ముడిపెట్టకుండా సమాచారం తీసుకునే ప్రత్యేక మార్గం పెట్టి, అది ఎన్‌సీబీని తాకదని పాలసీ మొదటి పేజీలోనే తెలుగులో అచ్చువేయాలి. నియంత్రణ సంస్థ ఉన్నది కూడా మన హైదరాబాద్‌లోనే. ఆ ఒక్క ఆదేశం ఇస్తే "చెప్పకు" అనే సలహాకు సగం బలం ఆ రోజే పోతుంది. మిగతా సగం పోవాల్సింది ఆ సలహా ఇచ్చేవాళ్ల నోట్లోంచి. "క్లెయిమ్ చేయకు" అనాల్సిన చోట "చెప్పకు" అనడం మానేస్తే చాలు.